చేతికందే దూరంలో తుపాకి

అక్కన్నపేట గోడ కొట్లాట నుంచి టెక్సాస్ గ్యాస్ స్టేషన్ దాకా

2020 ఫిబ్రవరి 6, గురువారం రాత్రి. హుస్నాబాద్ పక్కన అక్కన్నపేట. ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య గోడ పంచాయితి.

ఇలాంటి పంచాయితులు మన ఊళ్లలో లేని వాడ ఉండదు. జానెడు జాగ దగ్గర మొదలై మాటా మాటా పెరుగుతుంది. తాతల నాటి లెక్కలన్నీ బయటికొస్తాయి. ఒకరు కట్టె అందుకుంటారు, ఇంకొకరు గడ్డపార పట్టుకుంటారు. నలుగురు అడ్డంపడి ఇద్దరినీ చెరో దిక్కు గుంజుకుపోతారు. పొద్దున పెద్దమనుషులు కూర్చుని, తాడు పట్టి కొలిచి, తప్పు కట్టించి లేపుతారు. కొన్నాళ్లు మాటలుండవు. తర్వాత ఏ పెళ్లిలోనో, చావు దగ్గరో మళ్లీ కలుస్తారు.

ఆ రాత్రి అక్కన్నపేటలో కట్టె లేవలేదు. ఏకే-47 లేచింది. కాల్పుల చప్పుడుకు ఊరు ఉలిక్కిపడింది. తూటాలు గురి తప్పడంతో పొరుగాయన ప్రాణాలతో బయటపడ్డాడు. ఏకే-47 ముందు నిలబడి బతికినవాడికి అంతకుమించిన అదృష్టం ఉండదు.

యుద్ధాల్లో వాడే ఆ తుపాకి గోడ కొట్లాట దాకా ఎట్లా వచ్చింది? అది హుస్నాబాద్ పోలీస్ స్టేషన్ నుంచి కొన్నేళ్ల కిందట మాయమైన ఆయుధమని తేలింది. దానితో పాటు ఒక కార్బైన్ కూడా కనిపించకుండా పోయింది. కాల్చిన వ్యక్తిని పోలీసులు రోజుల వ్యవధిలోనే పట్టుకున్నారు. కానీ అంతకు ముందు కొన్నేళ్ల పాటు ఆ తుపాకి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అన్నాళ్లు గడిచినా అది తుప్పు పట్టి పోలేదు. కోపం వచ్చిన రోజు చేతికి అందింది.

అదే ఏడాది డిసెంబరు 18న ఆదిలాబాద్ పట్టణం తాటిగూడలో ఇంకో గొడవ జరిగింది. పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన తగాదా అది. మునిసిపల్ మాజీ వైస్ చైర్మన్, అప్పటి మజ్లిస్ జిల్లా అధ్యక్షుడు ఒక చేత కత్తి, ఒక చేత తుపాకి పట్టుకుని వీధిలోకి వచ్చాడు. ఆ దృశ్యాలు ఫోన్లలో రాష్ట్రమంతా తిరిగాయి. ముగ్గురు గాయపడ్డారు. వారిలో ఒకరైన మాజీ కౌన్సిలర్ కొద్దిరోజులకు హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. 2022 జనవరిలో ఆదిలాబాద్ కోర్టు నిందితుడికి జీవిత ఖైదు విధించింది. ఈ తుపాకి దొంగది కాదు. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చినదే.

ఒకటి లెక్కలో లేని తుపాకి, ఇంకొకటి లెక్కలో ఉన్న తుపాకి. ఒకచోట గోడ, ఇంకోచోట క్రికెట్. ఉత్తర తెలంగాణలో ఒక్క ఏడాదిలో జరిగిన ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే అమెరికాలో దశాబ్దాలుగా తెగని వాదన మనకు బాగా అర్థమవుతుంది. అక్కడ కట్టె ఉన్నంత మామూలుగా ఇంట్లో తుపాకి ఉంటుంది. ఇప్పుడు మన పిల్లలు ఉంటున్నది ఆ ఇళ్ల మధ్యనే.

తుపాకి తెలిసిన నేల

తుపాకి గురించి హుస్నాబాద్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1948 మార్చి 14న ఇక్కడికి దగ్గర్లోని మహ్మదాపూర్ గుట్టల్లో నిజాం బలగాలతో పోరాడుతూ అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి సహచరులతో పాటు నేలకొరిగారు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నప్పుడు రైతు బిడ్డలు తుపాకి పట్టడం తప్పని చెప్పే తెలంగాణవాడు ఎవడూ ఉండడు. నేనూ చెప్పను. "ప్రభుత్వమే జులుం చేస్తే జనం చేతిలో ఆయుధం ఉండొద్దా?" అని అమెరికాలో తుపాకి పక్షం వాళ్లు అడిగే ప్రశ్న ఈ నేలకు పరాయిది కాదు.

ఆ ప్రశ్నకు ఈ నేల తర్వాత చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. 1978 సెప్టెంబరు 7న రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. నెలన్నర తిరక్కముందే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అక్కడి నుంచి పాతికేళ్లకు పైగా కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలు పగలు పోలీసులకు, రాత్రి నక్సలైట్ దళాలకు జవాబు చెప్పుకుంటూ బతికాయి. దొరల ఇళ్లలోని లైసెన్సు తుపాకులను దళాలు ఎత్తుకుపోయిన సంగతులు ఆనాటి పేపర్లలో తరచూ కనిపించేవి. ఆత్మరక్షణకని పెట్టుకున్న తుపాకే ఇంటి మీదికి దాడిని పిలిచింది. ఇటు ఎన్‌కౌంటర్లు, అటు ఇన్‌ఫార్మర్ల పేరిట హత్యలు. ఆంక్షలు సడలిన 1990లో పీపుల్స్‌వార్ హుస్నాబాద్‌లో 88 అడుగుల అమరుల స్తూపం కట్టింది. తర్వాత అదీ నేలమట్టమైంది.

2004 అక్టోబరులో హైదరాబాద్‌లో నక్సలైట్లతో ప్రభుత్వం చర్చలకు కూర్చుంది. అప్పుడు ఎంతకీ తెగని అంశాల్లో ముఖ్యమైనది ఆయుధాలే. ఊళ్లలోకి తుపాకులతో రావద్దని ప్రభుత్వం, వదిలేది లేదని వాళ్లు. కొద్ది నెలలకే చర్చలు చెడిపోయాయి. తుపాకి పట్టడానికి కారణం ఏదైనా, పట్టినదాన్ని దించడం ఎంత కష్టమో ఆ రోజుల్లో చూశాం. పెద్దపల్లి బిడ్డ, మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు 60 మందితో కలిసి గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించింది 2025 అక్టోబరులో. జైత్రయాత్ర జరిగిన 47 ఏళ్లకు.

ఆ నడుమ కాలంలో ఈ ప్రాంతపు తల్లిదండ్రులు కొడుకులను ఊళ్లో ఉండనిచ్చేవాళ్లు కాదు. కేసుల్లో ఇరుక్కుంటాడని, అన్నల వెంట పోతాడని, లేదంటే మధ్యలో నలిగిపోతాడని భయం. అప్పు చేసి దుబాయ్ పంపారు. భీవండికి, సూరత్‌కు పంపారు. కరువు, బతుకుదెరువు అనేవి ఎలాగూ ఉన్నాయి. వాటి వెనక తుపాకి భయం కూడా ఉంది. ఆ తరంలో గల్ఫ్ సంపాదనతో చదువుకున్న పిల్లల్లో కొందరు ఇంజనీర్లయ్యారు. వాళ్ల తర్వాతి వాళ్లు అమెరికా విమానం ఎక్కుతున్నారు. తుపాకి నుంచి దూరంగా పంపిన తల్లిదండ్రుల మనవలు, మనుషుల కన్నా తుపాకులు ఎక్కువున్న దేశానికి చేరారు.

> మన దగ్గర లైసెన్సు కథ
>
> బ్రిటిష్ ప్రభుత్వం 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయుల చేతిలో తుపాకి లేకుండా చేసింది. స్వతంత్ర భారతం దాని స్థానంలో 1959లో కొత్త చట్టం చేసింది. దీని ప్రకారం తుపాకి హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. జిల్లా మేజిస్ట్రేట్‌గానీ, కమిషనరేట్ పరిధిలో పోలీసు కమిషనర్‌గానీ విచారణ తర్వాత లైసెన్సు ఇస్తారు. 2019 సవరణతో ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పెళ్లిళ్లలో సరదాకు గాల్లోకి కాల్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సుదారులు మామూలుగా తుపాకులను స్టేషన్లలో జమ చేయాల్సి ఉంటుంది.

ఫోను మోగితే...

అమెరికాలో చదివే పిల్లలున్న ఇంట్లో గోడ గడియారం ఒకటే ఉన్నా, తల్లి మనసులో రెండు గడియారాలు నడుస్తుంటాయి. డాలస్ మన కన్నా చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మనకు మధ్యాహ్నం అన్నం వేళ అంటే అక్కడ అర్ధరాత్రి దాటింది. కొడుకు పార్ట్‌టైమ్ డ్యూటీలో ఉండే వేళ అది. "బిడ్డా, రాత్రి డ్యూటీ బంద్ చెయ్యరాదు" అని తల్లి, "ఏం కాదమ్మా, అద్దం వెనక ఉంటా" అని కొడుకు. ఈ మాటలు ఇప్పుడు వందల ఇళ్లలో వినపడతాయి.

స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి. క్యాంపస్ ఉద్యోగాలు కొద్ది, అడిగేవాళ్లు ఎక్కువ. ఇక్కడ భూమి కుదువపెట్టి తెచ్చిన లోనుకు వడ్డీ పెరుగుతుంటుంది. అందుకని చాలామంది గ్యాస్ స్టేషన్లలో, చిన్న స్టోర్లలో చేరతారు. రాత్రి షిఫ్టు, చిల్లర నగదు, ఒంటరి కౌంటర్. దోపిడీకి వచ్చేవాడికి కావలసినవన్నీ అక్కడున్నాయి. మన దగ్గర దొంగ కత్తి చూపిస్తాడేమో. అక్కడి దొంగ జేబులో పిస్టల్ ఉంటుంది.

2023 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఫ్యూయల్ స్టేషన్‌లో ఆంధ్ర విద్యార్థి. 2024 నవంబరులో చికాగో గ్యాస్ స్టేషన్‌లో ఖమ్మం యువకుడు. 2025 అక్టోబరులో టెక్సాస్ గ్యాస్ స్టేషన్‌లో హైదరాబాద్ నుంచి వెళ్లిన బీడీఎస్ డాక్టరు. జాబితా ఇంతటితో ఆగదు. ఆ తర్వాతి తతంగం కూడా మనవాళ్లకు అలవాటై పోయింది. మెడికల్ ఎగ్జామినర్ దగ్గర శవపరీక్ష, కాన్సులేట్ కాగితాలు, ఎంబామింగ్, స్నేహితులు పెట్టే విరాళాల పేజీ, ఎమ్మెల్యే దగ్గరికి, మంత్రి దగ్గరికి తండ్రి పరుగులు. చివరికి శంషాబాద్ కార్గో గేటు ముందు అంబులెన్సు. కొడుకు ఫోటో చేతబట్టి కూర్చున్న తల్లికి ఆ పెట్టె ఎప్పుడొస్తుందో చెప్పేవాడుండడు. అలవాటు కాకూడనిది అలవాటైందన్న బాధతోనే ఈ కథనం రాస్తున్నాను.

గ్యాస్ స్టేషన్లే ప్రమాదమనుకుంటే పొరపాటు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో, ఆఫీసు అయ్యాక స్నేహితుడితో బార్‌లో కూర్చున్నాడు కూచిభొట్ల శ్రీనివాస్. గార్మిన్ కంపెనీలో ఇంజనీరు. ఒకడు జాతి పేరెత్తి తిట్టాడు. సిబ్బంది వాడిని బయటికి పంపించారు. వాడు పోయి, తుపాకితో తిరిగొచ్చాడు. "నా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, స్నేహితుడు అలోక్ మాదసాని గాయపడ్డాడు. హంతకుణ్ని ఆపబోయిన ఇయాన్ గ్రిల్లాట్ అనే అమెరికన్ యువకుడి చేతిలోంచి, ఛాతీలోంచి తూటా దూసుకుపోయింది. అతను బతికాడు. హంతకుడికి యావజ్జీవం పడింది.

ఆ ద్వేషం వాడిలో ఎన్నేళ్ల నుంచి ఉందో. కానీ బార్ నుంచి బయటికి పంపిన కోపం చల్లారేలోపే తుపాకి చేతికొచ్చింది. అక్కన్నపేటలో జరిగిందీ అదే.

2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ మాల్‌లో శనివారం మధ్యాహ్నం ఒకడు ఎనిమిది మందిని చంపాడు. వారిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ఇంజనీరు ఉంది. హంతకుడి దగ్గర దొరికిన తుపాకులన్నీ చట్టబద్ధంగా కొన్నవేనని అధికారులు చెప్పారు. మానసిక స్థితి బాగాలేదని సైన్యం 2008లోనే వాడిని శిక్షణ దశలో పంపించేసింది. సైన్యం వద్దనుకున్నవాడికి దుకాణం తుపాకి అమ్మింది.

వాళ్లు ఎందుకు ఒప్పుకోరు?

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన రెండో సవరణ ఆయుధం కలిగి ఉండడాన్ని ప్రజల హక్కుగా చెప్పింది. అప్పటి తుపాకిలో ఒక్కో తూటా కూర్చుకుని కాల్చాలి. ఆ సవరణ ప్రజా సైన్యాలను ఉద్దేశించిందా, ఒక్కో పౌరుడినా అన్న తగవు రెండు వందల ఏళ్లు నడిచింది. 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు అది వ్యక్తి హక్కేనని తేల్చింది. 2022 జూన్‌లో బ్రూయెన్ తీర్పు ఇంకో మెట్టు ఎక్కింది. తుపాకి ఆంక్ష ఏదైనా దేశ చరిత్రలో దానికి పోలిక ఉండాలంది. ఆ తర్వాత ఎన్నో రాష్ట్ర చట్టాలు కోర్టుమెట్లు ఎక్కాయి. గృహహింస కేసులో కోర్టు ఉత్తర్వు ఉన్నవాడి దగ్గర తుపాకి ఉండకూడదన్న నిబంధనను మాత్రం 2024లో ఇదే కోర్టు సమర్థించింది.

తుపాకి ఉంచుకునేవాళ్లందరినీ పిచ్చివాళ్లుగా చూడడం సరికాదు. మాంటానా, వయోమింగ్ లాంటి చోట్ల పిలిచిన పోలీసు రావడానికి చాలాసేపు పడుతుంది. అక్కడ రైతు ఇంట్లో రైఫిల్ ఒక పనిముట్టు. తాత నేర్పిన వేట, తండ్రి ఇచ్చిన తుపాకి వాళ్లకు కుటుంబ జ్ఞాపకం. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు, దాడులు ఎదుర్కొన్న నల్లజాతివాళ్లు కూడా రక్షణ కోసం కొంటారు. ఈ భయాల్లో అబద్ధమేమీ లేదు. 1871లో గురి నేర్పే సంఘంగా పుట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్, 1970ల చివర్లో ఈ భయాలను, జ్ఞాపకాలను ఓట్లుగా మార్చడం నేర్చుకుంది. పని చెడింది అక్కడ.

చట్టాలు అసలే రాలేదని కాదు. కెనెడీలు, మార్టిన్ లూథర్ కింగ్ హత్యలయ్యాక 1968లో ఒక చట్టం వచ్చింది. దుకాణంలో కొనేవాడి నేర చరిత్ర చూడాలని 1993లో బ్రేడీ చట్టం చెప్పింది. సైనిక తరహా రైఫిళ్ల అమ్మకాన్ని 1994లో నిషేధించారు. పదేళ్ల గడువు తీరాక 2004లో దాన్ని పొడిగించలేదు. 2012 డిసెంబరులో శాండీహుక్ బడిలో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దలు చచ్చిపోయినప్పుడు ఇక మారకతప్పదని ప్రపంచమంతా అనుకుంది. నేర చరిత్ర పరిశీలనను మరిన్ని అమ్మకాలకు విస్తరించే ప్రతిపాదనకు 2013 ఏప్రిల్‌లో సెనేట్‌లో 54 ఓట్లు వచ్చాయి. కావలసినవి 60. మెజారిటీ ఉండి కూడా ఓడిపోయింది. 2022లో ఉవాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు బలయ్యాక మాత్రం ఒక ఫెడరల్ చట్టం బయటపడింది. 21 ఏళ్ల లోపు కొనుగోలుదారుల పాత రికార్డులు మరింత లోతుగా చూడాలన్నది అందులో ముఖ్యమైనది.

ఆ చట్టానికీ ఉవాల్డే తల్లిదండ్రుల కోరికకూ చాలా దూరం. తమ పిల్లలను చంపినవాడు 18 నిండిన వెంటనే రైఫిళ్లు కొన్నాడు గనక, కొనే వయసు 21కి పెంచమని వాళ్లు టెక్సాస్ శాసనసభ చుట్టూ తిరిగారు. ఆలెన్ కాల్పుల తర్వాత రెండు రోజులకు ఆ బిల్లు కమిటీలో గట్టెక్కింది. ఆ తల్లులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కానీ గడువులోగా సభ ముందుకు రాక ఆ బిల్లు అక్కడే చచ్చింది.

రాష్ట్రానికొక చట్టం ఉండడం ఇంకో చిక్కు. ఇల్లినాయ్‌లో కట్టుదిట్టం. చికాగో నుంచి కారులో కొద్దిసేపు పోతే ఇండియానా, అక్కడ సులువు. చికాగో నేరాల్లో దొరికే తుపాకుల్లో చాలా భాగం సరిహద్దు దాటి వచ్చినవే. గుడుంబా బంద్ పెట్టిన ఊరి పొలిమేరలోనే పక్క ఊరి బట్టీ ఉన్నట్టు.

దొంగతనాల సంగతి కూడా చూడండి. 2017 నుంచి 2021 దాకా అమెరికాలో పౌరుల ఇళ్ల నుంచి, కార్ల నుంచి చోరీ అయిన తుపాకులు పది లక్షలకు పైనే. ఒక్క స్టేషన్ నుంచి ఒక్క ఏకే-47 పోతే అక్కన్నపేటలో ఏం జరిగిందో చూశాం.

> అంకెల్లో
>
> - స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018 అంచనా ప్రకారం అమెరికా పౌరుల దగ్గరున్న తుపాకులు 39.3 కోట్లు. వంద మందికి 120.
> - అదే అంచనాలో భారత్‌లో లైసెన్సు ఉన్నవీ లేనివీ కలిపి 7.1 కోట్లు. వంద మందికి 5.
> - అమెరికాలో 2023లో తుపాకి చావులు 46,728. వీటిలో 27,300 ఆత్మహత్యలు. హత్యలు దాదాపు 18 వేలు.
> - 2020 నుంచి అక్కడ ఏడాది నిండిన పిల్లలు, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకి.
> - చట్టాలు కఠినం కావాలని కోరే అమెరికన్లు 2023 ప్యూ సర్వేలో 58 శాతం.

పురుగుల మందు డబ్బా చెప్పేది

పై అంకెల్లో సగానికి మించినవి ఆత్మహత్యలన్నది చాలామంది పట్టించుకోని సంగతి. టీవీలో మాల్ కాల్పులే కనిపిస్తాయి. తలుపు వేసుకుని కాల్చుకున్నవాడు కనిపించడు.

"చావాలనుకున్నవాడు ఎట్లాగైనా చస్తాడు, తుపాకిని అంటే ఏం లాభం?" అని అక్కడివాళ్లు అంటారు. ఇది తప్పని మన పల్లెలకు బాగా తెలుసు. కరీంనగర్ పత్తి చేలల్లో, అప్పుల బాధలో ఎందరు పురుగుల మందు తాగారో, వాళ్లలో ఎందరు ఆసుపత్రిలో కళ్లు తెరిచి "బతికించండి" అని వేడుకున్నారో డ్యూటీలో ఉన్న నర్సులను అడగండి. ఆ క్షణం దాటితే మనిషి మళ్లీ బతుకు వైపే చూస్తాడు. దాటనిస్తుందా లేదా అన్నది చేతికి ఏది అందిందన్న దాన్ని బట్టి ఉంటుంది. శ్రీలంక 1990ల నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. ఆ దేశంలో ఆత్మహత్యల రేటు 70 శాతం పడిపోయింది. మనుషుల కష్టాలు అంతగా తగ్గలేదు. డబ్బాలో ఉన్న మందు మారింది, అంతే.

తుపాకితో ప్రాణం తీసుకోబోయినవాడు బతకడం పదిలో ఒక వంతు. ఇంట్లో తుపాకి లేకపోతే ఆ క్షణం దాటిపోయే అవకాశం ఎంత ఉందో అర్థం చేసుకోవడానికి మనకు అమెరికా వెళ్లనక్కర్లేదు.

కరీంనగర్ బిడ్డ, క్రైస్ట్‌చర్చ్ మసీదు

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒకడు శుక్రవారం నమాజు వేళ 51 మందిని చంపాడు. వారిలో హైదరాబాద్ మూలాలున్నవాళ్లున్నారు. కరీంనగర్ నుంచి వెళ్లి రెస్టారెంటు పెట్టుకుని స్థిరపడ్డ ఒకాయన కూడా ఉన్నాడు. అక్కడి ప్రభుత్వం ఆరు రోజుల్లో నిషేధం ప్రకటించింది. నెల తిరక్కుండా పార్లమెంటు 119–1 ఓట్లతో చాలా రకాల సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధించింది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోతే, రెండు వారాల్లోపే రాష్ట్రాలన్నీ ఒప్పందానికి వచ్చాయి. ప్రభుత్వం డబ్బిచ్చి ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకుంది.

చట్టం చేస్తే ఇక చాలన్న భ్రమ వద్దు. 2025 డిసెంబరు 14న సిడ్నీ బోండీ బీచ్‌లో తండ్రీ కొడుకులు 15 మందిని కాల్చి చంపారు. ఆ తండ్రి ఎప్పుడో హైదరాబాద్ నుంచి వలస వెళ్లినవాడని తెలంగాణ పోలీసులే ధ్రువీకరించారు. అతని దగ్గర లైసెన్సు మీద ఆరు తుపాకులున్నాయి. ఒక మనిషికి ఆరు ఎందుకన్న ప్రశ్న ఆ దేశం అప్పుడు వేసుకుంది. మళ్లీ తుపాకులు వెనక్కి తీసుకోవడానికి సిద్ధపడింది. చట్టంలో చిల్లు కనబడ్డప్పుడు పూడ్చడానికి పూనుకునే దేశాలు ఇవి. పిల్లల శవాలు లేచినా సెనేట్‌లో ఆరు ఓట్లు తక్కువై ఆగిపోయే దేశం ఇంకొకటి.

వేట లైసెన్సు అనే దొడ్డిదారి

తల్లిదండ్రులకు తెలియని సంగతి ఒకటుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకి కొనకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. కానీ ఏదైనా రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. వేట లైసెన్సు తీసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. సరదాకో, సోషల్ మీడియాలో ఫోటోకో, దొంగల భయానికో మన పిల్లల్లో కొందరు ఈ దారిన పోతున్నారు. 2024 నవంబరులో అట్లాంటాలో ఉప్పల్ విద్యార్థి ఒకరు తన పుట్టినరోజు నాడు వేట తుపాకి శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. పక్క గదిలో స్నేహితులున్నారు. విద్యార్థులు అక్కడ వేట తుపాకి కొనుక్కోవచ్చని తమకు తెలియనే తెలియదని కుటుంబం వాపోయింది.

ఇంట్లో తుపాకి ఉంటే ధైర్యం అనుకోవడం సహజం. అది బయటి దొంగకు పని చెప్పడం కన్నా ఇంట్లోవాళ్ల ప్రాణం తీసే అవకాశమే ఎక్కువని అమెరికాలో చేసిన అధ్యయనాలు ఎన్నో ఏళ్లుగా చెబుతూ వస్తున్నాయి. దొరల ఇళ్ల తుపాకులు ఏమయ్యాయో చూసిన ప్రాంతం మనది. ఈ సంగతి పిల్లలకు మనమే చెప్పాలి. ఫీజు ఎంత, అద్దె ఎంత అని అడిగినట్టే "గదిలో ఎవరి దగ్గరైనా తుపాకి ఉందా?" అనీ అడగాలి. ఉంటే ఇల్లు మారమనాలి. రాత్రి కౌంటరు పని వద్దని గట్టిగా చెప్పాలి. చెప్పాలంటే ఇక్కడ అప్పు ఒత్తిడి వాడి నెత్తిన పెట్టకుండా ఉండాలి. నెలనెలా వడ్డీ గుర్తు చేస్తూ రాత్రి డ్యూటీ మానెయ్ అంటే వాడు మానడు, మనకు చెప్పడం మానేస్తాడు.

అక్కడి చట్టం మార్చే శక్తి హుస్నాబాద్‌లో కూర్చున్న మనకు లేదు. అక్కడ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఉంది. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన భాష తెలుగే. టెక్సాస్, జార్జియా లాంటి రాష్ట్రాల్లో మనవాళ్లు వీధులకు వీధులే ఉన్నారు. ఓట్లున్నాయి, డబ్బుంది, చట్టసభ సభ్యులను పిలిచి సన్మానించే పెద్ద పెద్ద సంఘాలున్నాయి. ఏటా సినిమా తారలతో మహాసభలు జరుగుతాయి. మన విద్యార్థి ఒకరు పోయినప్పుడు ఆ సంఘాలు విరాళాలు పోగుచేసి శవాన్ని ఇంటికి చేర్చడం గొప్ప సేవే. ఆ పనితో పాటు ఇంకొకటి చేయండి. అదే వేదిక మీదికి వచ్చిన సెనేటర్‌ను, గవర్నర్‌ను ముఖం మీదే అడగండి. కొనే వయసు 21 చేయడానికి, ప్రతి అమ్మకానికీ నేర చరిత్ర పరిశీలన పెట్టడానికి, ఇంట్లో తుపాకిని తాళం వేసి ఉంచడం తప్పనిసరి చేయడానికి మీ ఓటు ఎటు? జవాబు సరిగా లేకపోతే శాలువా కప్పకండి, ఓటు వేయకండి.

ఇక్కడ మన ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. ప్రతి పోలీస్ స్టేషన్‌లో ఆయుధాల లెక్క ఏటా బయటివాళ్లతో తనిఖీ చేయించి, ఆ నివేదికను జిల్లా ప్రజల ముందు పెట్టాలి. అమెరికా వెళ్లే ప్రతి విద్యార్థికీ విమానం ఎక్కకముందే తుపాకి చట్టం గురించి, వేట లైసెన్సు గురించి, రాత్రి ఉద్యోగాల గురించి ఒక పూట శిక్షణ ఇవ్వాలి. ఈ రెండింటికీ పెద్ద ఖర్చేమీ లేదు. వచ్చే సెమిస్టర్ విద్యార్థులు బయల్దేరేలోపే మొదలుపెట్టవచ్చు.